మెరైన్ పార్కులో కట్టే ఎంట్రీ ఫీజు పగడాల దాకా చేరుతుందా?

గాజుపడవ:
జనవరిలో ఇంటిల్లిపాదీ అండమాన్ వెళ్తున్నాం. ఏజెంటు పంపిన లెక్కలో జాలీ బాయ్ దీవికి ఫారెస్టు పర్మిట్, బోటు టికెట్, గ్లాస్ బాటమ్ బోటు, స్నార్కెలింగ్ అని నాలుగు లైన్లు ఉన్నాయి. అన్నిటిలోకీ తక్కువ పర్మిట్టే. ఇవ్వడానికి బాధేం లేదు. అది మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్క్ అట, ఫీజు పగడాలను కాపాడటానికేనట. నిజంగా ఆ డబ్బు పగడాలకి ఖర్చవుతుందా? బయటి దేశాల్లో డైవింగ్ చేసినవాళ్ళు ఉంటే అక్కడ ఎలా ఉందో కూడా చెప్పండి.

సందేహాలరావు:
గుడి హుండీలో వేసిన డబ్బు ఎటు పోయిందని దేవుణ్ణి అడుగుతామా? ఇదీ అంతే. జీతాలకీ జీపులకీ పోతుంది.

ఆడిట్ బాబాయ్:
జీతాలకి పోతే తప్పేముంది రావుగారూ? కాపలా మనిషికి జీతం ఇవ్వకపోతే పార్కు ఎవరు కాస్తారు? చిక్కు ఇంకోచోట ఉంది.

మన దేశంలో ప్రభుత్వ రుసుముగా రసీదు ఇచ్చి వసూలు చేసిన డబ్బు రాజ్యాంగం 266వ అధికరణం కింద సంఘటిత నిధికి, అంటే ప్రభుత్వ ఖజానాకి జమ కావాలి. అండమాన్ శాసనసభ లేని కేంద్రపాలిత ప్రాంతం కాబట్టి అది భారత సంఘటిత నిధికి వెళ్తుంది. పార్కు ఖర్చులేమో బడ్జెట్ కేటాయింపుల నుంచి విడిగా వస్తాయి. అంటే గాజుపడవ గారు కట్టే రూపాయికీ, పార్కుకి పడవలు బయల్దేరే వండూరులో గార్డు ఎక్కే పడవ డీజిలుకీ ముడి లేదు. వసూళ్ళు రెట్టింపైనా కేటాయింపు పెరగాలన్న రూలు లేదు. ఒక ఏడాది ఒక్క టూరిస్టూ రాకపోయినా జీతాలు ఆగవు. రెండో సంగతి జనం మర్చిపోతుంటారు. నా లెక్కలో అది మంచిదే.

పులులకి మాత్రం వేరే ఏర్పాటు ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2006లో చేసిన సవరణతో 38ఎక్స్ సెక్షన్ వచ్చింది. ప్రతి టైగర్ రిజర్వుకీ ఒక కన్జర్వేషన్ ఫౌండేషన్ ఉంటుంది, సందర్శకుల రుసుములు ఆ ఖాతాలో ఉంచుకుని అక్కడే ఖర్చు పెట్టవచ్చు. మన నాగార్జునసాగర్-శ్రీశైలం, అమ్రాబాద్ ఈ కోవలోకే వస్తాయి. పగడాలను 2001లో అదే చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. కాగితం మీద పులికి ఎంత రక్షణో పగడానికీ అంత. ఖాతా మాత్రం ఇవ్వలేదు.

సందేహాలరావు:
నేను ఒక్క ముక్కలో చెప్పినదాన్ని మీరు సెక్షన్లతో చెప్పారు, థాంక్స్ 😀

ఫిన్స్‌తో ఫిల్టర్ కాఫీ:
దుబాయ్‌లో ఉద్యోగం, సెలవులన్నీ నీళ్ళలోనే. బాబాయ్ గారు చెప్పిన "ఖాతా ఎవరిది" అన్న ప్రశ్న మీదే మిగతా దేశాల కథ కూడా నడుస్తుంది.

కరీబియన్‌లో బొనేర్ అని నెదర్లాండ్స్ కింద ఉండే చిన్న దీవి. 1979లో దాని చుట్టూ మెరైన్ పార్క్ పెట్టారు, తీరం నుంచి 60 మీటర్ల లోతు దాకా. మొదట్లో విరాళాలతో నడిచింది. అవి అయిపోయాక 80ల మధ్యకి వచ్చేసరికి బోర్డు ఉంది, చట్టం ఉంది, చూసే మనిషి లేడు. 1991లో మళ్ళీ లేపి, 1992 నుంచి ప్రతి డైవరూ ఏడాదికి 10 డాలర్లు కట్టాలన్నారు. అప్పుడు డైవ్ షాపులవాళ్ళు టూరిస్టులు పారిపోతారని గోల చేశారు. తీరా డైవర్లనే సర్వే చేసి అడిగితే సగటున 27 డాలర్ల దాకా ఇస్తామన్నారు. ఎవరూ పారిపోలేదు. ఇప్పుడా ఫీజు 40 డాలర్లు.

ఆ డబ్బు ప్రభుత్వ ఖజానాకి వెళ్ళదు. పార్కును నడిపే స్టినాపా అనే సంస్థే తీసుకుంటుంది. దాంతో ఏం చేస్తారో నీళ్ళలోకి దిగితే కనిపిస్తుంది. డైవ్ సైట్ల దగ్గర పడవలు కట్టుకోవడానికి నీళ్ళ మీద తేలే బోయాలు ఉంటాయి. లంగరు వేయడం నిషేధం. ఒక్క లంగరు గొలుసు ఈడ్చుకుపోతే ఎన్నో దశాబ్దాలు పెరిగిన పగడం పిండి అవుతుంది, అందుకని ఆ బోయాల మరమ్మతే పెద్ద పని. గ్లవ్స్ వేసుకోనివ్వరు. చేతులు ఖాళీగా ఉంటే జనం దేన్నీ పట్టుకోరని లెక్క.

ఇంకోటి ఫిలిప్పీన్స్‌లో తుబ్బతహా అనే రీఫ్ (పగడపు దిబ్బ) పార్కు. సులు సముద్రం మధ్యలో ఉంటుంది, డైవింగ్ మార్చి నుంచి జూన్ మధ్య దాకానే, అది కూడా పడవ మీదే పడుకుని. రేంజర్లు మాత్రం ఏడాది పొడుగునా ఇసుకతిన్నె మీద కట్టిన స్టేషన్లో వంతులవారీగా ఉంటారు. ఫీజు వేల పెసోల్లో ఉంటుంది. దానికోసం 2010లో ప్రత్యేక చట్టమే చేశారు, వసూళ్ళు పార్కు సొంత నిధిలో పడతాయి. కొంత భాగం ఆ రీఫ్ తమ పరిధిలో ఉన్న కగాయన్‌సిల్యో అనే పేద మునిసిపాలిటీకి వెళ్తుంది. ఒకప్పుడు అక్కడ చేపలు పట్టుకున్నది వాళ్ళే, పార్కు పెట్టాక వదులుకున్నదీ వాళ్ళే. నాకు ఈ ముక్క బాగా నచ్చింది.

భీమిలి బీచ్:
2013లో అమెరికా నేవీ ఓడ ఎక్కింది ఆ రీఫ్ మీదకేనా?

ఫిన్స్‌తో ఫిల్టర్ కాఫీ:
అదే. యూఎస్ఎస్ గార్డియన్, జనవరి 2013. 2,345 చదరపు మీటర్ల రీఫ్ పోయింది. 2015లో దాదాపు 20 లక్షల డాలర్ల పరిహారం కట్టారు. అక్కడ రేంజర్లు లేకపోతే ఓడ వచ్చిన సంగతి ఎవరు రికార్డు చేసేవాళ్ళు? ఫీజు ఎందుకంటే ఇలాంటిదానికే అంటాను నేను.

సందేహాలరావు:
సరే, మీ బొనేర్ ఇంత బాగా నడుస్తుంటే పగడాలు క్షేమంగా ఉన్నాయా? 2023లో అక్కడ పగడాలకి కొత్త జబ్బు వచ్చిందని చదివాను. వేడికి పగడాలు తెల్లబడే బ్లీచింగ్ కూడా అయింది. 40 డాలర్లు కట్టిన డైవరుకి పోతున్న పగడాలు చూపిస్తున్నారన్నమాట.

జువాలజీ_ఏయూ:
జబ్బు సంగతి నిజమే. రాతి పగడాల కణజాలం ఊడిపోయే జబ్బు అది. 2014లో ఫ్లోరిడాలో బయటపడి కరీబియన్ అంతా పాకింది, 2023 మార్చిలో బొనేర్ చేరింది. పార్కువాళ్ళు కొన్ని సైట్లు మూసేశారు, డైవింగ్ సామాను క్రిమిసంహారకంతో కడగమన్నారు. అంతకు మించి చేయగలిగింది తక్కువ.

వేడి సంగతికొస్తే మనం నిజాయితీగా మాట్లాడుకోవాలి. నీళ్ళు మామూలు ఎండాకాలపు గరిష్ఠం కంటే ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు అలాగే ఉంటే చాలు, పగడం తనలో ఉండే నాచును బయటికి నెట్టేస్తుంది. తిండిలో ఎక్కువ భాగం ఆ నాచు నుంచే వస్తుంది కాబట్టి తెల్లబడి ఆకలితో ఉంటుంది. త్వరగా చల్లబడితే కోలుకుంటుంది, లేకపోతే చస్తుంది. 2016లో ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లో అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తిన్నది ఉత్తర భాగం. మనుషులు తక్కువ, నీళ్ళు శుభ్రం, చేపల వేటా తక్కువ ఉన్న చోటు అది. నీటి శుభ్రత, వేట నియంత్రణ బ్లీచింగ్ తీవ్రతను దాదాపు తగ్గించలేదని అక్కడి శాస్త్రవేత్తలు 2017లో రాశారు. మన అండమాన్‌లో 1998, 2010, 2016ల్లో బ్లీచింగ్ అయింది. 2010ది చాలా ఘోరం. ఏ రసీదూ దాన్ని ఆపేది కాదు.

కానీ కోలుకోవడం వేరే సంగతి. 2010లో బొనేర్‌లో కూడా బ్లీచింగ్ అయింది, చచ్చిన పగడాల మీద పాచి కమ్మేసింది. పాచిని గీకి తినేది చిలుకచేప. దాన్ని పట్టకూడదని అదే ఏడాది నిషేధం పెట్టారు. తర్వాత కొన్నేళ్ళలో పాచి తగ్గి, పిల్ల పగడాలు నిలదొక్కుకుని రీఫ్ దాదాపు మునుపటి స్థితికి వచ్చింది. నిషేధం రాయడానికి డబ్బు అక్కర్లేదు. అమలు చేయడానికి పడవ, మనిషి కావాలి. ఫీజు అక్కడ పనికొస్తుంది. 2010 తర్వాత కోలుకున్న రీఫ్ 2023 తర్వాత కూడా కోలుకుంటుందని మాత్రం నేను రాసివ్వను.

వండూరు కుర్రాడు:
అందరికీ నమస్కారం. నేను పోర్ట్ బ్లెయిర్‌లోనే పుట్టాను (ఇప్పుడు శ్రీ విజయపురం అనాలి, నాకింకా అలవాటు కాలేదు). మా తాతగారు శ్రీకాకుళం జిల్లా నుంచి వలలతో వచ్చారు. ఇక్కడ చేపల వేటలో మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. పార్కు పెట్టింది 1983లో. అంతకుముందు మావాళ్ళు వెళ్ళే నీళ్ళు కొన్ని అందులోకి పోయాయి.

గాజుపడవ గారూ, ఇక్కడ కొన్ని పద్ధతులు బాగున్నాయి. జాలీ బాయ్, రెడ్ స్కిన్ దీవులు రెండూ ఒకేసారి తెరవరు. చలికాలం నుంచి వేసవి దాకా జాలీ బాయ్, మిగతా నెలల్లో రెడ్ స్కిన్, ఒకటి తెరిస్తే రెండోదానికి విశ్రాంతి. సోమవారం సెలవు. జెట్టీ దగ్గర బ్యాగులు వెతికి ప్లాస్టిక్ తీసేస్తారు, వాటర్ బాటిల్‌కి డిపాజిట్ కట్టించుకుని తిరిగి తెస్తేనే డబ్బు ఇస్తారు. దీవిలో షాపులుండవు. ఇదంతా ఎవరో ఒకరు నిలబడి చేయాలి కదా, ఆ మేరకు మీ డబ్బు వృథా కాదు.

నీళ్ళలోకి దిగాక కథ మారుతుంది. ఒక సీజన్లో నేను పనిచేసిన పడవ యజమాని ట్రిప్పులు పెంచాలని ఒకేసారి గైడుకి మించిన జనాన్ని దింపేవాడు. ఈత రానివాళ్ళు భయపడి ఎక్కడ నిలబడతారు? పగడం మీదే. అరిస్తే "వాళ్ళు డబ్బు కట్టారు, ఊరుకో" అనేవాడు. గొడవపడి మానేశాను. ఫీజు కట్టినవాడు హక్కు కొనుక్కున్నానని అనుకుంటాడు, నాకు అసలు చిరాకు అక్కడే.

హవాయి అత్తయ్య:
కుర్రాడు మంచి మాటన్నాడు. ఇక్కడ హొనలూలు పక్కన హనౌమా బే ఉంది. మన వాళ్ళు అమెరికా నుంచి హవాయి వస్తే తప్పకుండా అక్కడికి వెళ్తారు. 1967లోనే రక్షిత ప్రాంతం చేశారు, హవాయిలో అదే మొదటిది. అయినా 80ల్లో ఏడాదికి 30 లక్షల మంది దాకా వచ్చేవాళ్ళట. చేపలకి బ్రెడ్డు, బఠానీలు వేసేవాళ్ళు. రక్షణ పేరే ఉంది, పగడాలు అరిగిపోయాయి.

ఇప్పుడు బయటివాళ్ళకి 25 డాలర్లు, మా రాష్ట్రంవాళ్ళకి ఉచితం. రోజుకి సుమారు 1,400 మందే, ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. సోమ, మంగళవారాలు మూసేస్తారు. దిగేముందు వీడియో చూసి తీరాలి, పగడం ప్రాణమున్నదని, తొక్కకూడదని అందులో చెబుతారు. మా ఆడపడుచు కుటుంబం వస్తే స్లాట్ దొరకక పేచీ పెట్టారు, అది వేరే కథ. 2020లో కోవిడ్‌కి నెలల తరబడి మూసినప్పుడు నీళ్ళు తేటబడ్డాయని యూనివర్సిటీ వాళ్ళు కొలిచి చెప్పారు. ఆ తర్వాతే ఫీజు 12 నుంచి 25కి పెరిగింది, సంఖ్యకి గట్టి హద్దు వచ్చింది. నన్నడిగితే 25 డాలర్ల కంటే ఆ 1,400 అన్న అంకెదే గొప్పతనం.

ఫిన్స్‌తో ఫిల్టర్ కాఫీ:
అత్తయ్యా, పూర్తిగా ఒప్పుకుంటాను. బొనేర్ మీద 90ల్లో రాసినవాళ్ళు కూడా ఒక సైటులో ఏడాదికి 4,000 నుంచి 6,000 డైవ్‌లు దాటితే నష్టం కళ్ళకి కనబడుతుందన్నారు. ఫీజు మీద బతికే పార్కుకి అసలు ప్రమాదం ఇదే. ఇంకా మనుషులొస్తే ఇంకా డబ్బు. తలుపు మూయాల్సినవాడే టికెట్లు అమ్మేవాడైతే ఎప్పుడు మూస్తాడు?

థాయ్‌లాండ్‌లో మూసి చూపించారు. మాయా బే 2018 జూన్‌లో మూసి 2022 జనవరిలో కానీ తెరవలేదు. ఇప్పుడు పడవలు లోపలికి రానివ్వరు. వెనకవైపు దిగి నడిచి వెళ్ళాలి. అక్కడ వచ్చే ఆదాయం చూస్తే అది చిన్న నిర్ణయం కాదు.

సందేహాలరావు:
రాజా అంపట్ సంగతి కూడా మాట్లాడండి. ఇండోనేషియా. విదేశీయులకి 10 లక్షల రూపియాల దాకా ఎంట్రీ, ప్రపంచంలో ఎక్కువ రకాల పగడాలున్నది అక్కడే అంటారు. 2017లో ఒక క్రూజ్ ఓడ రీఫ్ మీదకి ఎక్కింది. ఆ తర్వాత అదే జిల్లా దీవుల్లో నికెల్ గనులు తవ్వారు. కొండ తవ్వితే ఎర్రమట్టి సముద్రంలోకే కదా. మీ ట్యాగ్ (ఫీజు కట్టినందుకు ఇచ్చే బిళ్ళ) డబ్బు గనిని ఆపిందా?

జువాలజీ_ఏయూ:
ట్యాగ్ డబ్బు ఆపలేదు. 2025 జూన్‌లో ఐదు కంపెనీల్లో నాలుగింటి పర్మిట్లు ప్రభుత్వం రద్దు చేసింది. ప్రజలు, పర్యావరణ సంస్థలు, డైవింగ్ మీద బతికే ఊళ్ళు కలిసి గొడవ చేస్తే జరిగింది. రీఫ్ మీద బతికేవాళ్ళు ఉన్నారు కాబట్టే గొడవ చేసేవాళ్ళు ఉన్నారని నా వాదన. గుజరాత్‌లో జామ్‌నగర్ దగ్గర నరారా రీఫ్ పక్కనే చమురు టెర్మినల్ ఉంది. ఆ రీఫ్ కూడా 1982 నాటి మెరైన్ నేషనల్ పార్కులోదే. పాటు సమయంలో జనం రీఫ్ మీద నడిచి ఆక్టోపస్ చూసి వస్తారు. గట్టిగా అడిగే ఊరు అక్కడ ఎంత ఉందో మీరే చూడండి.

సందేహాలరావు:
అంటే ఫీజు వల్ల లాభం డబ్బు కాదు, జనం అంటారు. ఇది కొంచెం నచ్చింది. పూర్తిగా కాదు.

మోడరేటర్:
మధ్యలో ఒకరు పార్టీల గురించి రాసిన రెండు పోస్టులు తీసేశాను. దయచేసి సముద్రంలోనే ఉండండి.

ఆడిట్ బాబాయ్:
నా భయం ఒకటి చెప్పనివ్వండి. అందరూ "ఫీజు పార్కు దగ్గరే ఉంచాలి" అంటున్నారు. ఉంచారే అనుకుందాం. 2020లో తుబ్బతహా సీజన్ మొత్తం రద్దయింది, డైవర్ల డబ్బు రాలేదు, రేంజర్లని మాత్రం అక్కడే ఉంచాల్సి వచ్చింది. పలావ్ దేశంలో 2018 నుంచి విమానం టికెట్లోనే 100 డాలర్లు పర్యావరణ ఫీజు కలిపేస్తారు, అందులో కొంత రక్షిత ప్రాంతాల నిధికి వెళ్తుంది. కోవిడ్‌లో విమానాలే లేవు. టూరిస్టు మీద ఆధారపడిన కాపలా టూరిస్టుతోనే పోతుంది.

ఆస్ట్రేలియా మధ్యదారి పట్టింది. గ్రేట్ బారియర్ రీఫ్‌లో 1993 నుంచి మనిషికి రోజుకి కొన్ని డాలర్ల చార్జీ ఉంది, పడవవాళ్ళు వసూలు చేసి పార్క్ అథారిటీకి కడతారు. కోవిడ్‌లో దాన్ని మాఫీ చేశారు, అయినా పార్కు నడిచింది, ఎందుకంటే పెద్ద డబ్బు పన్నుల నుంచే వస్తుంది. 3,44,400 చదరపు కిలోమీటర్ల పార్కుని టికెట్లతో నడపగలరా? అలా అని పన్నుల డబ్బు గంగాజలం కూడా కాదు. 2018లో అక్కడి ప్రభుత్వం 44 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు ఒక చిన్న ప్రైవేటు ఫౌండేషన్‌కి టెండరు లేకుండా ఇచ్చిందని పెద్ద రగడ అయింది, వాళ్ళ ఆడిటర్ కూడా తప్పుపట్టాడు.

కాబట్టి మన దగ్గర జీతాలు బడ్జెట్లోంచే రావాలి. టికెట్టు డబ్బు పైఖర్చులకి, అంటే బోయాలు, గైడ్ల శిక్షణ, సర్వేలు, ఊళ్ళ వాటాకి, విడి ఖాతాలో ఉండాలి. పులులకి చేసినట్టు చట్టంలో ఒక సెక్షన్ చాలు.

ఫిన్స్‌తో ఫిల్టర్ కాఫీ:
మురుగునీటి సంగతి కూడా ఇందులో కలపాలి బాబాయ్. బొనేర్‌లో హోటళ్ళ సెప్టిక్ ట్యాంకుల నీరు నేలలోకి ఇంకి రీఫ్ మీదకే చేరేది. శుద్ధి ప్లాంటు కట్టడానికి యూరప్ అభివృద్ధి నిధి నుంచి డబ్బు తేవాల్సి వచ్చింది, డైవర్ల ట్యాగులతో అయ్యే పని కాదు. పార్కు హద్దు నీళ్ళ దగ్గర మొదలవుతుంది, మురుగు అంతకుముందే మొదలవుతుంది.

భీమిలి బీచ్:
మన వైజాగ్‌లో కూడా స్కూబా మొదలైంది కదా, రుషికొండ దగ్గర. ఇక్కడ అసలు ఫీజే లేదు, పార్కూ లేదు. దిగేవాళ్ళు దిగుతున్నారు. వాళ్ళు ఏం తొక్కుతున్నారో ఎవరు చూస్తున్నారు?

గాజుపడవ:
ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ థాంక్స్. మరి ఈ ట్రిప్పులో నేను చేయగలిగింది ఏమిటి? పిల్లలకి ఈత రాదు.

వండూరు కుర్రాడు:
ఈత రాకపోతే గ్లాస్ బాటమ్ బోటు తీసుకోండి, స్నార్కెలింగ్ వద్దు. దిగి తీరాలంటే గైడు ఒక్కొక్కరినే పట్టుకుని తీసుకెళ్తాడా, గుంపుగానా అని ముందే అడగండి. గుంపు అంటే వేరే పడవ చూసుకోండి. సన్‌స్క్రీన్ బదులు నిండు చేతుల టీషర్టు వేసుకోండి. చచ్చిన పగడం ముక్కైనా ఏరుకోవద్దు, ఎయిర్‌పోర్ట్‌లో బ్యాగు చెకింగ్‌లో దొరికితే కేసే. పర్మిట్ ముందురోజే తీసుకోండి, ఐడీ ప్రూఫ్ అందరికీ ఉండాలి. ఆకలేస్తుంది, టిఫిన్ స్టీలు డబ్బాలో పెట్టుకోండి.

సందేహాలరావు:
బాబాయ్ గారూ, ఆర్టీఐ వేస్తే ఈ లెక్క బయటికొస్తుందా? వసూలు ఎంత, ఖర్చు ఎంత అని. నేనే వేస్తాను, పది రూపాయలే కదా.

ఆడిట్ బాబాయ్:
వస్తుంది, సరిగ్గా అడిగితే. "పగడాల కోసం ఎంత ఖర్చు పెట్టారు" అని రాస్తే "సమాచారం ఆ రూపంలో లేదు" అని జవాబు వస్తుంది. ఫారెస్టు, వన్యప్రాణి వసూళ్ళు 0406 పద్దులో, ఖర్చులు 2406 పద్దులో ఉంటాయి. ఆ రెండింటిలో ఈ పార్కు పేరు మీద ఏడాదివారీగా ఎంత పడింది, ఎంత పోయింది అని అడగండి. ఇచ్చిన పర్మిట్ల సంఖ్య విడిగా, గస్తీ పడవల సంఖ్య, వాటి డీజిలు బిల్లులు విడిగా అడగండి. డీజిలు బిల్లు చూస్తే పడవ కదిలిందో లేదో తెలిసిపోతుంది.

సందేహాలరావు:
ఎన్నేళ్ళవి అడగాలి? పదేళ్ళవి అడిగేద్దామా?

ఆడిట్ బాబాయ్:
ఐదు చాలు. పదేళ్ళవి అడిగితే ఆఫీసుకొచ్చి ఫైళ్ళు చూసుకోమంటారు, మీరు విమానం టికెట్టు కొనాలి. ముందు డ్రాఫ్ట్ ఇక్కడ పెట్టండి, పద్దు నంబర్లు ఒకసారి చూసి పంపుదాం.